ఎజైల్ పద్ధతి – కలసి పనిచేయువారి గుణములు

కంప్యూటరుచే ఒక పని చేయింపవలెనన్న, ఆ పనిని చిన్న చిన్న ఆజ్ఞలుగా విడదీసి వ్రాయవలెను. ఆ వ్రాతకే ప్రోగ్రాం అని పేరు. పెద్ద ప్రోగ్రాం ఒక్కరివల్ల కాదు. పలువురు కలసి నెలల తరబడి వ్రాయవలసినదే. అట్టివారు ఒకరితో నొకరు ఎట్లు మెలగవలెను? ఈ ప్రశ్న కూడ ముఖ్యమైనదేనని పలువురు గుర్తించుటకు చాల కాలము పట్టినది.

అమెరికాలో క్రైస్లర్ అను మోటారుకార్ల కంపెనీ తన ఉద్యోగుల జీతముల లెక్కలన్నియు ఒకే ప్రోగ్రాంతో కట్టవలెనని తలపెట్టెను. దానిని క్లుప్తముగా సీ-త్రీ అనెడివారు. 1996లో కెంట్ బెక్ అను నిపుణుని పిలిపించి, దాని వేగమును పెంచుమని కోరిరి. వేగము మాట అటుంచి, లెక్కలే సరిగా వచ్చుట లేదని ఆయన కనుగొనెను. ఉన్న వ్రాతను పారవేసి మొదటినుండి వ్రాయుటే మేలని చెప్పగా, కంపెనీవారు అంగీకరించిరి. అట్లు చెప్పుట తేలిక కాదు, వినుట అంతకంటె తేలిక కాదు.

కొత్తగా వ్రాయునప్పుడు మూడేసి వారముల గడువులు పెట్టుకొనిరి. ఇద్దరిద్దరు ఒకే యంత్రము ముందు కూర్చుండిరి. ఒకరు వ్రాయుచుండ రెండవవారు తప్పులు చూచుచుండిరి. జవాబు ముందే తెలిసిన పరీక్షలను తయారుచేసి, ప్రోగ్రాంలో మార్పు చేసినప్పుడెల్ల వాటినన్నిటిని నడిపిరి. అందుచే నేడు చేసిన తప్పు నేడే బయటపడును. పైగా, ఒకరు వ్రాసిన భాగమును మరియెవరైనను దిద్దవచ్చును. 1997లో సుమారు 10,000 మంది జీతములను ఈ ప్రోగ్రాం లెక్కకట్టినది. కాని తక్కిన ఉద్యోగులందరికి అది చేరనేలేదు. 2000లో కంపెనీ ఆ పనిని నిలిపివేసినది. కనుక సీ-త్రీని సంపూర్ణ విజయమనుట తగదు.

ఈ అనుభవముతో బెక్ 1999లో ఒక పుస్తకము ప్రకటించి, ఈ పద్ధతికి నాలుగు గుణములు ఆధారమనెను: దాపరికము లేక మాట్లాడుకొనుట, సరళత, ఫలితమును వెంటనే తెలిసికొనుట, ధైర్యము. 2004లో వచ్చిన రెండవ కూర్పులో ఐదవదానిని చేర్చెను. అది పరస్పర గౌరవము. చివర చేరినను, తక్కిన నాలుగింటికి అడుగున ఉన్నది ఇదియే. తన వ్రాతను ఇంకొకరు దిద్దినప్పుడు, ఆ దిద్దినవానియందు గౌరవము లేనిచో, అది అవమానముగానే తోచును. అప్పుడు తప్పులు దాచుట మొదలగును. ఒక విద్యార్థి లెక్కను మరియొక విద్యార్థిచే దిద్దించి చూచిన ఉపాధ్యాయులకు ఈ చిక్కు కొత్త కాదు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రమునందలి స్నోబర్డ్ అను మంచుకొండల విడిదిలో 17 మంది నిపుణులు సమావేశమైరి. వారిలో బెక్ ఒకడు. పలువురికి ఎవరి పద్ధతి వారికున్నను, నాలుగు వాక్యములపై అందరును ఏకీభవించిరి. విధానములకంటె, పనిముట్లకంటె మనుష్యులు, వారి పరస్పర సంబంధములు. సమగ్రమైన పత్రములకంటె పనిచేయు ప్రోగ్రాం. ఒప్పందపు బేరములకంటె కొనువారితో కలసి పనిచేయుట. పథకమును పట్టుకొని పోవుటకంటె మార్పునకు తగినట్లు నడచుకొనుట. ఎజైల్, అనగా చురుకైనది, అను పేరు ఈ పద్ధతులకు అక్కడనే స్థిరపడినది. వెనుకకు నెట్టబడినవాటికి కూడ విలువ కలదని వారు స్పష్టముగా వ్రాసిరి. పత్రములు, పథకములు అక్కరలేదని వాదించువారు ఆ వాక్యమును చదువకనే పోవుచుందురు.

ఆ 17 మందిలోని కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లండ్ అనువారు స్క్రమ్ అను పద్ధతికి కర్తలు. వారి మార్గదర్శిని 2010లో మొదట వెలువడినది. 2016లో దానికి కూడ ఐదు గుణములు చేర్చబడినవి: పూనిక, ఏకాగ్రత, దాపరికము లేమి, ధైర్యము, గౌరవము.