అభ్యంగవిధియు వర్ణ్యశబ్దార్థమును

హైదరాబాదు నగరమునకుఁ బడమటి దెసను, శేరిలింగంపల్లి ప్రాంతమున, 1974వ సంవత్సరమున స్థాపింపఁబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకుఁ జేరువను, నల్లగండ్ల యను నూరు గలదు. ఒకప్పుడు చెఱువును జేర్చికొని యున్న పల్లెయే నేఁడు పెక్కంతస్తుల సౌధములతో నిండి, సాంకేతికోద్యోగులకు నివాసమైనది. అచ్చటి యంగళ్లలో ముఖలేపనములకుఁ గొదవ లేదు. ఉదయమున కొకటి, రాత్రి కొకటి. పడుచువారి కొకటి, ముదుసళ్ల కొకటి. పేరిలోనే 'నల్ల' యను పదమును మోయుచున్న యీ యూర, మేనికిఁ దెలుపు నిచ్చెద మను లేపనములును అమ్ముడు పోవుచుండుట యొక వింత. ఇట్టి లేపనముల నమ్మువారు తమ సరకునకు ఆయుర్వేదమును సాక్షిగాఁ బిలుచుటయుఁ గలదు. కావునఁ ద్వగ్రక్షణమునకై పూర్వులు విధించిన దేమి, వారి 'వర్ణ్య' శబ్దమునకుఁ దెల్లఁజేయున దను నర్థము గలదా యను రెండు ప్రశ్నలును విచారింపఁ దగినవి.

మొదట శబ్దమును జూతము. అభ్యంగ శబ్దము 'అభి' యను నుపసర్గముతోఁ గూడిన 'అంజూ' ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమున నీ ధాతువునకు వ్యక్తము చేయుట, పూయుట, కాంతి, గతి యని నాలుగర్థములు చెప్పఁబడినవి. కంటి కంజనము, వంటకమునకు వ్యంజనము, మేని కభ్యంగము: మూఁడును ఒక్క ధాతువు సంతానమే. ఉన్నదానిని మెఱుఁగుపఱచి వ్యక్తము చేయుటయే యిందలి భావము గాని, లేనిదానిని దెచ్చి పెట్టుట గాదు. ఈ సూక్ష్మము ముందు విచారమున కుపకరించును.

చరకుఁడు సూత్రస్థానమున స్వస్థవృత్తమును జెప్పుచు, నూనె పట్టించిన కుండయు, తోలును, బండి యిరుసును ఎట్లు దృఢములై మన్నునో, అభ్యంగముచే శరీరమును అట్లే దృఢమై మంచి చర్మము గలది యగు నని నిరూపించెను. వాగ్భటుఁడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయమునందు దీనిని నిత్యవిధిగాఁ జెప్పి, ముదిమిని, బడలికను, వాతమును దొలఁగించు నని ఫలమును బేర్కొని, తలకును జెవులకును బాదములకును విశేషముగాఁ జేయవలె ననెను. అంతతో విడువక, కఫపీడితులకును, శోధనము చేసికొన్నవారికిని, అజీర్ణముతో నున్నవారికిని గూడ దని నిషేధించెను. ఒకే తైల మందఱకు నన్ని వేళలఁ దగు నని శాస్త్రము చెప్పలే దని దీనిచే నెఱుఁగవలెను.

అభ్యంగము వెనుక నుద్వర్తనము. అమరసింహుఁడు దీనికి నుత్సాదన శబ్దమును బర్యాయముగా నొసఁగెను. తెలుఁగున నిదియే నలుగు. సున్నియుండలలోని సున్నియే సున్నిపిండిలోని సున్ని. పప్పుధాన్యముల పిండి యని యర్థము. పెసలపిండియో సెనగపిండియో మేన రుద్దినచో నధికమైన నూనె పిండిలో నింకి, మురికితోఁ గూడ రాలిపోవును. తలకుఁ గుంకుడుకాయ. దీనికే యమరమున నరిష్ట మనియు ఫేనిల మనియుఁ బేళ్లు; నురుగు గలది ఫేనిలము. నురుగునకుఁ గారణ మందలి సాపోనిను లను ద్రవ్యములని నేఁటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది.

మూఁడవది గొడుగు. గొడుగును బాదరక్షలును లేక బయట నడువరా దని వాగ్భటుని యాదేశము. నూనె, నలుగు, నీడ: ఈ మూఁటితో నిత్యచర్య ముగిసినది. నేఁటి చర్మవైద్యులును, మృదువుగాఁ గడుగుట, తేమ నిలుపుట, యెండనుండి కాపాడుట యని మూఁడే ముఖ్యకార్యములు చెప్పుచున్నారు. ద్రవ్యములు మాఱినను గ్రమము మాఱలేదు.

ఈ విధి గ్రంథములకే పరిమితము గాలే దనుటకుఁ జరిత్రమున సాక్ష్యములు గలవు. కల్యాణి చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున, రాజోపభోగములలో స్నానభోగమునకుఁ బ్రత్యేక స్థానము గలదు. ఆముక్తమాల్యద కర్తయగు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను, 1520వ సంవత్సర ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయెస్ వర్ణించెను. రాయలు తెల్లవాఱక మున్నే నువ్వులనూనె త్రాగి, మేనెల్ల నదే నూనె పూసికొని, బరువు లెత్తి, కత్తి సాము చేసి, నూనె యంతయుఁ జెమటతో వెడలు దాఁక శ్రమించి, మల్లయుద్ధము చేసి, గుఱ్ఱ మెక్కి తిరిగివచ్చిన పిమ్మట, నొక బ్రాహ్మణుఁడు స్నానము చేయించు నని యతఁడు వ్రాసెను. ఈ వ్రాఁతను రాబర్టు స్యూయెల్ 1900వ సంవత్సరమున నాంగ్లమునఁ బ్రకటించెను.

రాజునకుఁ గలిగినదే సామాన్యుని యింటను గలదు. పసిబిడ్డకు నూనె యంటి కాళ్లపైఁ బండుకొనఁబెట్టి నీళ్లు పోయుట, పెండ్లికూఁతునకు నలుగు పెట్టుట, భోగినాఁడును నరకచతుర్దశినాఁడును ముసలివారు సైతము తలంటికొనుట: వయోభేద మెంత యున్నను సామగ్రి యొక్కటియే. భేదము మాత్రలోను నిషేధములోను గలదు. యువకుల ముఖమున బూరుగు ముండ్లవలె మొలచు పిడకలను సుశ్రుతుఁడు ముఖదూషిక లని పేర్కొని, కఫవాతరక్తములను గారణముగాఁ జెప్పెను. కఫమున నభ్యంగము కూడ దను వాగ్భటవాక్యమును దీనితో జోడించినచో, మొటిమలు గల పడుచుముఖమునకు నూనె హితము గాదని తేలుచున్నది. ముఖలేపమును గూర్చియు వాగ్భటుఁడు సంయమమునే చెప్పెను: అంగుళములో నాలుగవ పాలు, మూఁడవ పాలు, సగము, ఇంతియే మందము; ఎండక మున్నే తీసివేయవలెను; ఎండిన లేపము కాంతిని జెఱచును.

ఇఁక వర్ణ్యశబ్దము. వర్ణమునకు హితమైనది వర్ణ్యము. చరకుఁడు చందనము, వట్టివేళ్లు, అతిమధురము, మంజిష్ఠ, సుగంధిపాల మున్నగు పది ద్రవ్యములను వర్ణ్యగణమునఁ జేర్చెను. తెలుఁగు స్త్రీలు మేనికిఁ బూసికొను పసు పీ గణమున లేదు. అది కుష్ఠఘ్నగణమునఁ గలదు. అనఁగాఁ బసుపు చర్మరోగ నివారణమునకే గాని రంగు మార్చుటకుఁ జెప్పఁబడలేదు.

హితమగు నా వర్ణ మేది? దీనికిఁ జరకుఁడే యింద్రియస్థానమున నుత్తర మిచ్చెను. శరీరమునకుఁ గృష్ణము, శ్యామము, శ్యామావదాతము, అవదాతము అని నాలుగు ప్రకృతివర్ణములు. అందు మొదటిది నలుపు. నీలము, శ్యావము, తామ్రము, హరితము, శుక్లము అనునవి వికృతివర్ణములు. మరణసూచకములగు నరిష్టములను జెప్పు స్థానమున, వికారములలోఁ దెలుపు లెక్కింపఁబడుట గమనింపఁ దగినది. కావున నల్లనివానికి నలుపే ప్రకృతి. దానిని నిగనిగలాడఁ జేయునదియే యాతనికి వర్ణ్యము.

కావ్యములలో గౌరవర్ణము కొనియాడఁబడినది గదా, వాగ్భటుఁడును ముఖలేపములలో వర్ణకర మను నొక భేదమును జెప్పెను గదా యని యాక్షేపింపవచ్చును. కవుల ప్రశంస రుచికి సంబంధించినది. వైద్యుని విధి యారోగ్యమునకు సంబంధించినది. రాముఁడును గృష్ణుఁడును ద్రౌపదియు శ్యామవర్ణులే యగుటను గావ్యములును మఱవలేదు. వర్ణకర శబ్దమును, ప్రకృతివర్ణ నియమముతోఁ గలిపి చదివినచో, చెడిన కాంతిని మరలఁ గూర్చున దనియే యన్వయించును.

నేఁటి విజ్ఞానము పూర్వుల విధిని గొంత బలపఱచి, కొంత సవరించుచున్నది. చర్మముపై స్వల్పమగు నామ్లపు పొర గల దని 1928వ సంవత్సరమున షాడే, మార్కియోనినీ యను జర్మను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. క్షారగుణము గల సబ్బుతో మాటిమాటికిఁ దోముట యా పొరను జెఱచును. 1801వ సంవత్సరమున రిట్టరు కనుఁగొనిన యతినీలలోహిత కిరణములు చర్మమును ముడుతలు పడఁజేయు నని తెలిసినపిదప గొడుగు విలువ యినుమడించినది. తెల్లఁజేయు లేపనములలోఁ గొన్నిఁటఁ గలుపఁబడు పాదరసము మూత్రపిండములకు హాని చేయును. అట్టి లేపనములను గట్టడి చేయ 2013వ సంవత్సరమున మినమాటా యొడంబడిక కుదిరినది. భారతదేశము దానిని 2018వ సంవత్సరమున స్థిరపఱచినది. తెలుపు వికృతియను చరకుని మాట కింతకంటెఁ గఠినమగు వ్యాఖ్యానము దొరకదు.

కాఁబట్టి త్వగ్రక్షణము స్వల్పసాధ్యము: తగినంత స్నేహము, మృదువగు శుద్ధి, యెండకు నడ్డు, వయస్సునుబట్టి మాత్ర, దోషమునుబట్టి నిషేధము. ఇంతకు మించి యమ్మఁబడునది చాలవఱకు నాడంబరము. బడిలో నమరమును వల్లించు బాలికకు, శ్యామశబ్ద మేహ్యార్థకము గాదనియు, నది చరకుఁడు లెక్కించిన ప్రకృతివర్ణములలో నొక్కటి యనియు నర్థము చెప్పి బోధించుట యుపాధ్యాయుల పని. ఆ పని యొక లేపనము కంటె నెక్కువ మేలు చేయును.