ఆర్‌.ఎం.పి. అంటే ఎవరు?

నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల మెట్ట పల్లెలలో ‘ఆర్‌.ఎం.పి. డాక్టరుగారు’ అంటే పట్టా లేకపోయినా సూదిమందు వేసే ఊరి వైద్యుడు. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, వెలువడిన దూరవైద్య మార్గదర్శకాలలో అవే అక్షరాలకు అర్థం తలకిందులైంది. అక్కడ ఆర్‌.ఎం.పి. అంటే చట్టప్రకారం నమోదైన వైద్యుడు. కృత్రిమ మేధ అతనికి తోడ్పడవచ్చును గాని, తానుగా రోగికి సలహా చెప్పరాదు, మందు రాయరాదు అని ఆ పత్రం శాసించింది.

యంత్రం చెప్పే వైద్యం మనకు కొత్తదేమీ కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో 104 ఆరోగ్య సలహా మొదలైంది. ఫోను చేస్తే అవతలి ఉద్యోగి కంప్యూటరు చూపిన ప్రశ్నలు అడిగేవాడు. మన జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారేది. అవసరమైతే వైద్యుడు లైనులోకి వచ్చేవాడు. అంటే నిర్ణయంలో కొంత భాగం ఆనాడే లెక్కల చేతికి పోయింది. మనిషి గొంతు వినిపించేది కనుక మనకు అది యంత్రమని తోచలేదు. ఆ సేవకు ఆద్యుడైన సత్యం అధిపతి 2009 జనవరిలో ఖాతాల మోసాన్ని ఒప్పుకొన్నప్పుడు పత్రికలన్నీ వాటాదారుల నష్టాన్ని రాశాయి. ఫోనులో చెప్పుకున్న రోగవివరాలు ఎవరి సొత్తన్న చర్చ నాకు గుర్తులేదు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో గాని రాలేదు.

ఇప్పుడు లక్షణాలు చెబితే మందుపేరు చెప్పే యంత్రం ఊరి ఆర్‌.ఎం.పి. జేబులోనే ఉంది. 2020 నిబంధన నమోదైన వైద్యుని కోసం రాసినది. నమోదు కానివానిని పాతచట్టాలు ఎప్పుడో నిషేధించాయి. అయినా అర్ధరాత్రి జ్వరానికి తలుపు తీసేది అతనే. అతనినే ఆపలేని చట్టం అతని జేబులోని దానిని ఆపుతుందా? ఆపితే చాలునా అన్నది నా సందేహం. మోతాదు తప్పితే ఆ మనిషి మర్నాడు అదే వీధిలో నడవాలి, ఆ తల్లి ముఖం చూడాలి. (ఇది కూడా ఒక రకం నియంత్రణే, చట్టం పుస్తకంలో లేనిది.) యంత్రానికి ఆ వీధి లేదు.

2023లో భారత వైద్య పరిశోధన మండలి కృత్రిమ మేధకు పది నీతిసూత్రాలు ప్రకటించింది. జవాబుదారీతనం వాటిలో ఒకటి. అవి మార్గదర్శకాలే, చట్టం కావు. నమోదైన వైద్యుడు తప్పు చేస్తే రాష్ట్ర వైద్య మండలి ఉంది. ఫోను చెప్పిన మందుతో బిడ్డకు ప్రమాదమైతే జగ్గయ్యపేట తల్లి ఏ గడప తొక్కాలో ఆ సూత్రాలలో నాకు కనిపించలేదు.