లాస్ ఏంజెలెస్ లేకర్స్ 2012–13 సీజన్

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు ముగ్గురు కోచ్‌ల కింద ఆడిన సీజన్ ఇది. కోబీ బ్రయంట్, పౌ గసోల్‌లకు స్టీవ్ నాష్, డ్వైట్ హోవర్డ్ తోడవడంతో టైటిల్ ఖాయమని చాలామంది లెక్కలు కట్టారు. తీరా చూస్తే సన్నాహక మ్యాచ్‌లు ఎనిమిదీ ఓడింది. రెండో లీగ్ మ్యాచ్‌లోనే నాష్ కాలి ఎముక విరిగింది. తొలి ఐదింటిలో నాలుగు పోగానే, 2012 నవంబరు 9న కోచ్ మైక్ బ్రౌన్‌కు ఉద్వాసన పలికారు. ఐదు మ్యాచ్‌లకే తీర్పు చెప్పడం తొందరపాటే. తాత్కాలిక కోచ్ బెర్నీ బికర్‌స్టాఫ్ ఐదింట నాలుగు గెలిపించారు. ప్రేక్షకులు మాత్రం పాత కోచ్ ఫిల్ జాక్సన్ కావాలని గ్యాలరీల్లో కేకలు వేశారు. యాజమాన్యం మైక్ డాంటోనీని తెచ్చింది. ఆయనది పరుగుల ఆట, చేతిలో ఉన్నదేమో వయసు మళ్లిన జట్టు.

2013 ఫిబ్రవరిలో యజమాని జెర్రీ బస్ కన్నుమూశారు. ఏప్రిల్ 12న గోల్డెన్ స్టేట్‌తో ఆడుతుండగా బ్రయంట్‌కు మడమ పై స్నాయువు తెగింది. అయినా కుంటుతూ లైను దగ్గరికొచ్చి, రెండు ఫ్రీ త్రోలూ వేసి, స్కోరు 109–109గా సమం చేశాకే బయటికి నడిచాడు. 45 గెలుపులు, 37 ఓటములతో పశ్చిమ విభాగంలో ఏడో స్థానం దక్కింది. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే శాన్ ఆంటోనియో స్పర్స్ 4–0తో ఇంటికి పంపింది. జులైలో హోవర్డ్ హ్యూస్టన్‌కు వెళ్లిపోయాడు. లేకర్స్ మళ్లీ ప్లేఆఫ్స్ ఆడింది 2020లోనే.