రాతి గుమ్మటం ఎవరిది? డ్రెస్డెన్ ఫ్రౌవెన్‌కిర్షెపై ఒక పునఃపరిశీలన

బరోక్ అనగానే మన చరిత్ర పుస్తకాలు బెర్నినీ, పోపులు, రాజాస్థానాల పేర్లు వరసగా అప్పజెబుతాయి. నగరవాసులు తమ పనివాళ్లతో కట్టించుకున్న చర్చిలకు అందులో ఒక అధస్సూచిక దక్కితే గొప్ప. ఫ్రౌవెన్‌కిర్షెను ప్రస్తావించేవారు కూడా 1945 బాంబుదాడితో మొదలుపెట్టి 2005 పునఃప్రతిష్ఠతో ముగిస్తారు. కట్టినవాడి ఊసే ఉండదు.

కట్టినవాడు గేయోర్గ్ బేర్, నగర కౌన్సిల్ కొలువులోని వడ్రంగి మేస్త్రీ. సాక్సనీ పాలకుడు అగస్టస్ పోలండ్ కిరీటం కోసం 1697లో కేథలిక్ మతం పుచ్చుకున్నాడు. ప్రజలు లూథరన్లుగానే ఉండిపోయారు. 1726లో శంకుస్థాపన జరిగిన ఈ చర్చి ఆ ప్రజలది. డబ్బుకు కటకటే. సాల్జ్‌బర్గ్ నుంచి వెళ్లగొట్టిన ప్రొటెస్టెంట్ల కోసం వసూలైన విరాళాల్లో కొంత ఇటు మళ్లింది. ఈ సంగతిని మాత్రం చర్చి భక్తులు పెద్దగా తలచుకోరు.

బేర్‌ను చిన్నబుచ్చే వాదనకు ఆద్యుడు ఇటాలియన్ వాస్తుశిల్పి గయెటానో కియావేరి. గోడల్లో పగుళ్లు కనబడగానే రాతి గుమ్మటాన్ని దించేయమన్నాడు. వడ్రంగికి రాతి లెక్కలేం తెలుసన్న చులకన ఆనాటి నుంచీ ఏదో రూపంలో వినిపిస్తూనే ఉంది. అయితే కియావేరి తటస్థుడా? 1739లో మొదలైన రాజాస్థాన కేథలిక్ చర్చికి శిల్పి ఆయనే. అదీ పూర్తికాకముందే ఊరు విడిచి వెళ్లాడు. ఇలాంటి సాక్షి మాటను పండితులు ప్రశ్నించకుండా ఎందుకు మోస్తున్నారో అర్థం కాదు.

గుమ్మటాన్నే చూద్దాం. మొదటి ఆలోచన కలప చట్రం మీద రాగిరేకు. బేర్ పట్టుబట్టి పైదాకా ఎల్బే ఇసుకరాయే వాడించాడు. బరువు సుమారు 12,000 టన్నులు. కింది అంచు దగ్గర గుమ్మటం చటుక్కున ఆగదు. లోపలికి వంగిన గీతతో విచ్చుకుంటూ గోడల్లో కలిసిపోతుంది. అందుకే దాన్ని రాతి గంట అన్నారు. రెండు పొరల రాతి మధ్య ఒక వాలుబాట చుట్టలు తిరుగుతూ పైకి పోతుంది. ఎనిమిది లోపలి స్తంభాల మీదే భారం పడకుండా, వాటి వెనక చక్రపు ఆకుల్లా సాగే అడ్డుగోడల ద్వారా బయటి గోడలకూ పంచాలని బేర్ ఎత్తుగడ. పగుళ్లు నిజమే, స్తంభాలపై అనుకున్నదానికి మించి భారం పడిందీ నిజమే, 20వ శతాబ్దంలో ఇంజినీర్లు బిగింపులు వేయవలసివచ్చింది. కానీ 1760 ముట్టడిలో ప్రష్యా ఫిరంగులు నగరంలోని క్రాయిట్స్‌కిర్షె చర్చిని ధ్వంసం చేశాయి; బేర్ గుమ్మటం చెక్కుచెదరలేదు. కియావేరికి ఇంతకన్నా జవాబేం కావాలి? 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల బాంబుదాడి తర్వాత కూడా అది నిలిచే ఉంది. మంటల వేడికి స్తంభాల రాయి చితికి, 15 ఉదయానికి గాని కూలలేదు.

ఆస్థాన శిల్పి క్నోఫెల్ 1725లో వేసిన నమూనా ప్రభావం తుది ప్రణాళికపై ఉందని కొందరంటారు, ఉండవచ్చు.

అయినా బేర్ పక్షాన లోపలి అమరిక మరింత బలమైన ఆధారం. వలయాకారపు హాలు, చుట్టూ అంతస్తులుగా బాల్కనీలు. బలిపీఠం, ప్రసంగవేదిక, ఆర్గన్ అన్నీ ఒకే వైపు. ప్రతి కుర్చీ ప్రసంగానికి అనువుగా ఉంటుంది. జిల్బర్‌మన్ ఆర్గన్‌పై 1736 డిసెంబర్ 1న బాఖ్ కచేరీ చేసింది ఇక్కడే. ఇది ఊరేగింపుల చర్చి కాదు, వినేవాళ్ల చర్చి. ప్రొటెస్టెంట్ బరోక్ అంతా పనివాడి బరోక్ అని, రోమ్‌కు అది శిష్యరికం చేయలేదని తేల్చడానికి ఈ ఒక్క కట్టడం చాలు.

బేర్ 1738లో, పని ముగియకముందే కన్నుమూశాడు. 1743లో చర్చి పూర్తయింది. అతని సమాధి దాని నేలమాళిగలోనే ఉంది. ఇకపై బరోక్ గురించి తెలుగులో రాసేవారు బెర్నినీ పక్కన ఈ వడ్రంగికి ఒక పూర్తి అధ్యాయం కేటాయించాలి.