కొలత కూడా ఒక జోక్యమే

కొలవబోయిన వస్తువును మార్చకుండా కొలవడం సాధ్యమేనా? విద్యుచ్ఛాస్త్ర చరిత్ర చదివినప్పుడల్లా నన్ను నిలదీసే ప్రశ్న ఇది. పాత గాల్వనోమీటరు సూది కదలాలంటే కొంత కరెంటు కావాలి. ఆ కరెంటును అది కొలుస్తున్న వలయం నుంచే తీసుకుంటుంది. చెంబులో పాలెన్నో చూడబోయి ఒక గుక్క తాగేసినట్లన్నమాట.

1841లో జర్మనీకి చెందిన పోగెన్‌డార్ఫ్ దీనికి చక్కని ఉపాయం చెప్పాడు. తెలియని వోల్టేజికి ఎదురుగా తెలిసిన వోల్టేజిని నిలిపి, సూది నిశ్చలమైన చోట కొలత చదువుకోవడమే ఆ ఉపాయం. ఆ క్షణాన కరెంటు ప్రవహించదు. అయితే క్షణక్షణం మారే సంకేతాన్ని ఈ త్రాసు తూచలేదు. 1897లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడ్ కిరణాన్నే సూదిగా మలిచాడు. ఆసిలోస్కోపు వంశానికి ఆద్యుడు ఆయనే. తరువాతి కాలంలో ఆసిలోస్కోపు ఇన్‌పుట్‌కు పది లక్షల ఓములు ఆనవాయితీ అయింది. పదింతల ప్రోబు తగిలిస్తే అది కోటి ఓములవుతుంది. ఎంత తక్కువ తీసుకుంటే అంత మర్యాద!

కానీ ఈ మర్యాద అన్నిచోట్లా చెల్లదు. ఆ సంగతి తెలియజెప్పినవాడు ఆలివర్ హెవిసైడ్. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఈ మాజీ టెలిగ్రాఫ్ ఉద్యోగే 1886లో 'ఇంపెడెన్స్' అన్న మాటను సృష్టించాడు. తీగ చివర దాని స్వభావానికి సరితూగే నిరోధం ఉంటే వచ్చిన తరంగం అందులో ఇంకిపోతుందనీ, లేకుంటే ప్రతిధ్వనిలా వెనుదిరుగుతుందనీ గణితంతో చూపాడు. ఆయన తన అన్నతో కలిసి రాసిన వ్యాసాన్ని 1887లో బ్రిటిష్ తపాలాశాఖ ఉన్నతాధికారి విలియం ప్రీస్ అడ్డుకున్నాడు. అధికారి కోపానికి వ్యాసం ఆగింది గాని, తీగలోని తరంగం ఆగలేదు.

ఈనాటి ప్రయోగశాలలోనూ అదే కథ. 50 ఓముల జనరేటరును 1 వోల్టుకు అమర్చి, 50 ఓముల కేబుల్‌తో పది లక్షల ఓముల ఇన్‌పుట్‌కు కలిపితే తెరపై 2 వోల్టులు కనిపిస్తాయి. పరికరం అబద్ధమాడలేదు. జనరేటరు లెక్క చివర 50 ఓములున్నాయన్న నమ్మకం మీద వేసినది. కేబుల్ చివర 50 ఓములు పెట్టగానే ఆ నమ్మకం నిజమై, 1 వోల్టు కనిపిస్తుంది. అదే 50 ఓములను ఒక బలహీనమైన వలయానికి తగిలిస్తే, పాపం, దాని సంకేతమే కుంగిపోతుంది.

ఒకచోట ఏమీ తీసుకోకపోవడం మర్యాద, మరొకచోట పంపినదంతా స్వీకరించడం మర్యాద. ఎదుటివారి ఇల్లు ఎలాంటిదో తెలుసుకోకుండా అతిథి మర్యాద నిర్ణయం కాదు. కొలిచేవాడు మొదట కొలుచుకోవలసింది తన బరువునే అని ఈ చరిత్ర నాకు నేర్పింది.