గోడల కోసం పుట్టిన అక్షరం

కౌబాయ్ సినిమాల్లో బారు గుమ్మం పక్కన అంటించిన ‘వాంటెడ్’ పోస్టరు చూసే ఉంటారు. ఒక్కో అక్షరం బలంగా, పైనా కిందా మందపాటి దిమ్మలు వేసుకుని నిలబడి ఉంటుంది. ఇవాళ బర్గర్ల దుకాణం నుంచి మగవాళ్ల సెలూన్ దాకా, పాతకాలపు వాసన కావాలనుకున్న ప్రతివాళ్లూ ఈ అక్షరాన్నే తెచ్చుకుంటున్నారు. అచ్చు పనివాళ్లు దీన్ని స్లాబ్ సెరిఫ్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికా పడమటి ఎడారి అనుకుంటే పొరపాటే. ఇది పుట్టింది లండన్‌లో.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ ఊళ్లో సరుకు పెరిగింది, దాన్ని అమ్ముకునే తొందరా పెరిగింది. నాటకాలవాళ్లు, మందులవాళ్లు, లాటరీలవాళ్లు గోడల కోసం పోటీపడ్డారు. పుస్తకం కోసం చెక్కిన నాజూకు అక్షరం వీధి అవతలికి కనిపించదు. అందుకే అచ్చు అక్షరాలు పోసే విన్సెంట్ ఫిగిన్స్ 1810లలో తన నమూనా పుస్తకంలో ‘యాంటిక్’ పేరుతో ఓ కొత్త రకం చూపించాడు. సన్నగీత, లావుగీత అనే తేడా దాదాపు చెరిపేసి, గీతల కొసల్లో చదరపు దిమ్మలు పెట్టాడు. రాబర్ట్ థోర్న్ అదే బాణీలో చేసి ‘ఈజిప్షియన్’ అన్నాడు. ఈజిప్టు మీద నెపోలియన్ దండయాత్ర తర్వాత, 1802లో రోసెట్టా శిల లండన్ చేరాక, అక్కడ ఈజిప్టు పిచ్చి ముదిరింది. అక్షరానికీ నైలు నదికీ చుట్టరికం లేకపోయినా ఆ పేరుకు గిరాకీ ఉంది, తగిలించారు.

థోర్న్ 1820లో పోయాడు. ఆయన ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీని విలియం థొరోగుడ్ కొన్నాడు. టైపు పోత పని ఎరగని మనిషి. కొన్నది లాటరీలో తగిలిన డబ్బుతో అంటారు. లాటరీ టికెట్ల ప్రకటనలకు బండ అక్షరాలు పోసిన కాలంలో, అలాంటి కొలిమి లాటరీ తగిలినవాడి చేతికే రావడం మన సినిమా రచయితలకు కూడా తట్టని మలుపు.

అదే ఫౌండ్రీలో భాగస్వామి అయిన రాబర్ట్ బెస్లీ 1845లో ‘క్లారెండన్’ తెచ్చాడు. దిమ్మ గీతను కలిసే చోట చిన్న వంపు పెట్టి మొరటుతనం తగ్గించాడు. దీని అసలు పని గోడ మీద కాదు. మామూలు అక్షరాల నడుమ ఒక మాటను మందంగా చూపడం కోసం చేసిందిది. నిఘంటువుల్లో మనం వెతికే మాట ఇట్టే కంటికి ఆనడం ఇలాంటి టైపు చలవే. బెస్లీ దీన్ని కొత్త డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాడు గానీ, దక్కిన రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే పోటీదార్లంతా కాపీ కొట్టారు. ఆయనకు కోపం రావడంలో న్యాయముంది. అయితే క్లారెండన్ అంత దూరం ప్రయాణించింది ఆ కాపీల పుణ్యాన్నే.

క్లారెండన్ రాకముందే, అట్లాంటిక్ అవతల బండ అక్షరం కొయ్య రూపమెత్తింది. జానెడు ఎత్తు అక్షరాన్ని సీసంతో పోస్తే మోయలేని బరువు, భరించలేని ఖర్చు. పైగా చల్లారేటప్పుడు ముఖం గుంట పడుతుంది. న్యూయార్కులో డేరియస్ వెల్స్ 1827లో కొయ్యను తొలిచే రౌటర్ యంత్రం తయారుచేసి, మరుసటి ఏడు కొయ్య టైపు కేటలాగు వేశాడు. దుంగను నిలువునా కాకుండా అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద అక్షరం తొలిచేవారు. మేపుల్ కర్ర ఆ వైపు గట్టిగా, నునుపుగా ఉంటుంది, సిరాను సమంగా పడుతుంది. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఈ యంత్రానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఇక మూస అక్షరం ఒక్కటుంటే చాలు, కావలసిన కొలతల్లో కోసుకోవచ్చు.

దాంతో అక్షరాన్ని సాగదీశారు, నొక్కేశారు. ఇరుకు కాగితంలో పొడుగు పేరు పట్టాలంటే అక్షరం సన్నబడాలి, అయినా దూరానికి కనబడాలి. నిలువు గీతల కంటే దిమ్మలే లావైన ‘ఫ్రెంచ్ క్లారెండన్’ ఇలా బలపడింది. మనం కౌబాయ్ అక్షరం అని గుర్తుపట్టేది దీన్నే. అందం, చందం అని మనం మురిసిపోయేది నిజానికి చోటు సరిపెట్టుకునే లెక్క.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వంశం మళ్లీ చిగురించింది. జర్మనీలో 1929లో మెంఫిస్, ఇంగ్లండులో 1934లో రాక్‌వెల్ వచ్చాయి. పాల్ రాండ్ 1956లో చేసిన ఐబీఎం లోగోకు ఆధారం, జార్జ్ ట్రంప్ గీసిన ‘సిటీ’ టైపు. హైటెక్ సిటీలో రోజూ కనిపించే ఆ మూడక్షరాల దిమ్మలు ఇక్కడివే.

మన ఊళ్లలో ఈ బాణీని వేళ్లతో ఎరిగినవాళ్లు ఇంకో తరం ఉన్నారు, టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు. ఇంగ్లిషు టైపు మిషనులో అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు. ‘ఎం’కు ఎంత చోటో ‘ఐ’కీ అంతే. సన్నటి ‘ఐ’ని ఒంటరిగా వదిలితే రెండు పక్కలా బోసిపోతుంది. అందుకే దానికి అటూ ఇటూ పొడుగు దిమ్మలు కట్టారు. ఐబీఎం కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన కొరియర్ టైపు ఇప్పటికీ కంప్యూటర్లలో ఉంది. అందులో చిన్న ‘ఐ’ని పెద్దది చేసి చూడండి, సంగతి తెలిసిపోతుంది.

ఇంగ్లిషు బోర్డు రాయించుకునే దుకాణదారులకు ఒక మాట. ఈ అక్షరం పెట్టించుకోండి, కానీ పాతకాలపు మెరుగు కోసం గోధుమరంగు మరకలు, చిరుగులు పులమకండి. పేరు ఒక్కటీ పెద్దగా రాయించండి, చుట్టూ చోటు వదలండి. రోడ్డు అవతలి మనిషికి కనబడటం కోసమే దీన్ని తయారుచేశారు.