తీవ్రవాద వల: బ్రిటన్ బడుల్లో ముందుజాగ్రత్త పాఠాలు

హింసను సమర్థించే భావజాలం వైపు మనిషి మెల్లమెల్లగా మళ్లడాన్ని రాడికలైజేషన్ అంటారు. ఆ వలను పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలే పసిగట్టేలా నేర్పే ప్రయత్నం బ్రిటన్‌లో చట్టం అండతో సాగుతోంది.

2015 ఫిబ్రవరిలో తూర్పు లండన్‌కు చెందిన 15, 16 ఏళ్ల ముగ్గురు విద్యార్థినులు ఇస్తాంబుల్ విమానమెక్కి, సిరియా వెళ్లి తీవ్రవాద సంస్థ ఐసిస్‌లో చేరారు. దేశం నివ్వెరపోయింది. పిల్లలు తీవ్రవాదం వైపు మళ్లకుండా చూడాలనే ‘ప్రివెంట్’ బాధ్యత ఆ నెలలోనే చట్టమై, జులై 1 నుంచి బడులపై పడింది.

పిల్లలు ముఖ్యంగా నేర్వాల్సింది వల పన్నే తీరు. ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన వ్యక్తి మొదట పొగుడుతాడు. తర్వాత ‘మనం, వాళ్లు’ అంటూ గీత గీస్తాడు. చివరికి ‘ఇంట్లో చెప్పకు’ అంటాడు. అప్పుడు వాదనకు దిగకుండా, నమ్మకమున్న టీచరుకో, అమ్మానాన్నలకో చెప్పాలి.

ప్రమాదం ఒక మతానిదే కాదు. 2020-21లో ప్రివెంట్‌కు వచ్చిన కేసుల్లో ఇస్లామిస్టు తీవ్రవాదానివి తొలిసారి రైట్‌వింగ్ తీవ్రవాదుల కేసులకంటే తగ్గాయి. అయినా ముస్లిం పిల్లలనే అనుమానిస్తున్నారన్న విమర్శ బలమైనది, పట్టించుకోవాల్సినది. 2016లో ఉపాధ్యాయ సంఘం నేషనల్ యూనియన్ ఆఫ్ టీచర్స్ ప్రివెంట్ విధానాన్ని వ్యతిరేకించింది.

దారి తప్పుతున్న పిల్లలకు ‘ఛానెల్’ కార్యక్రమం సాయం అందిస్తుంది. అందులో చేరడం స్వచ్ఛందం.